ఇచ్చట ఏదైనా తెరవబడును

కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయే దారిలో, ఎరువుల దుకాణానికీ మిర్చి బజ్జీల బండికీ మధ్య ఇరుక్కుని ఒక కంప్యూటర్ షాపు ఉంది. పేరు ధర్మా కంప్యూటర్స్. పేరు కంటే పెద్ద అక్షరాల్లో కింద ఇంకో వాక్యం ఉంది: 'ఇచ్చట ఏదైనా తెరవబడును.'

అది రాయించిన రోజు ధర్మా ఉద్దేశం వేరు. ఫోన్లకు వచ్చే పీడీఎఫ్‌లు, పాస్‌వర్డు మరిచిపోయిన మెయిళ్లు, మొరాయించే పెన్‌డ్రైవ్‌లు, ఇలాంటివి. కానీ బోర్డు చూసిన జనం ఊరుకుంటారా? ఒకాయన బీరువా తాళం పట్టుకొచ్చాడు. ఒకామె మూత తిరగడం లేదని మామిడికాయ తొక్కు సీసా తెచ్చింది. ధర్మా రెండూ తెరిచాడు. దాంతో మనిషికి కాస్త గర్వం కూడా పట్టుకుంది.

ఏప్రిల్‌లో ఒక సోమవారం మధ్యాహ్నం ఆ గర్వం దిగిపోయింది.

"అన్నా, గిది ఓపెన్ చేస్తవా?"

తలెత్తి చూశాడు. ఆకుపచ్చ చుడీదార్, మెడలో మార్కెట్ ఐడీ కార్డు, మిర్చి ఘాటు తగలకుండా ముక్కు మీదుగా చుట్టుకున్న చున్నీ. చున్నీ పైన కనిపించేవి రెండు కళ్లే. 'అన్నా' అన్న పిలుపు ముల్లులా గుచ్చుకోవడానికి ధర్మాకు ఆ రెండు కళ్లూ సరిపోయాయి.

"ఏంది మేడం అది?"

"డీవీడీ."

"అది కనబడుతనే ఉన్నది. ఈ కాలంల డీవీడీలు ఎవరు చూస్తున్నరు?"

"చూసెటోళ్లు ఉన్నరు కాబట్టే వచ్చిన. మా ఆఫీసుల అన్ని కొత్త కంప్యూటర్లు, ఒక్కదానికి డిస్కు పెట్టే తొర్ర లేదు. ఇంట్ల ప్లేయర్ ఉండె, ఓల్టేజీకి కాలిపోయింది. నీ బోర్డు మీద ఏదైనా తెరవబడును అని ఉన్నది. తెరుస్తవా, బోర్డు తీస్తవా?"

ధర్మాకు రోషం వచ్చింది. బల్ల కింద ఉన్న పాత కంప్యూటర్ పెట్టెను కాలితో ముందుకు జరిపాడు. డిస్కు దొరసానిలా లోపలికి పోయింది.

"ఇది విండోస్ కాదు మేడం, లినక్స్. వైరస్ రాదు. పైసలడగది. మీద నుంచి మొత్తం తెలుగుల పెట్టుకున్న. మన భాష మనం వాడకపోతే ఎవరు వాడతరు?"

ఈ మాట తర్వాత తన మెడకే చుట్టుకుంటుందని అతనికి అప్పుడు తెలియదు.

డ్రైవు గుర్రుమంది. ఆగింది. మళ్లీ గుర్రుమంది. తెర మీద ఒక పెట్టె వచ్చింది.

'దోషము సంభవించినది.'

"ఏం దోషం?" అంది అమ్మాయి.

"చెప్పలే."

"ఎవరి దోషం?"

"అది గూడ చెప్పలే."

"మరి ఇప్పుడేం చెయ్యాల్నట?"

పెట్టె కింద 'సరే' అని ఒకే ఒక్క బటన్ ఉంది. "సరే అనాల్నట," అన్నాడు ధర్మా, నొక్కాడు. పెట్టె మాయమైంది. అంతకు మించి ఏమీ జరగలేదు.

"మంచిగున్నది. మా పెద్దమ్మ గిట్లనే ఉంటది. అలిగిందని తెలుస్తది, ఎందుకో తెల్వది."

ధర్మా ఇంకో ప్లేయర్ తెరిచాడు. అది ఇంకాస్త మర్యాదగా మాట్లాడింది. 'ఈ వనరు నుండి చదువుట సాధ్యపడలేదు. వివరములకు చిట్టా చూడుము.' చిట్టా తెరిచాడు. అందులో ఒకే వాక్యం ఉంది. 'వివరములు లభ్యము కావు.'

అమ్మాయి నవ్వింది. చున్నీ జారింది. ధర్మా తెర వైపు చూడటం మరిచిపోయాడు, పక్కన బజ్జీల నూనె చిటపటలు కూడా వినబడలేదు.

"నన్ను కాదు, దాన్ని చూడు," అంది.

మూడో ప్లేయర్ పెట్టాడు. ఈసారి వచ్చిన పెట్టె పెద్దది. 'ఈ స్థానమును తెరుచుటకు తమరికి అనుమతి లేకపోవచ్చును.'

అమ్మాయి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"అనుమతి లేదా? గిండ్ల పాడింది మా అమ్మ. మా అమ్మ పాట మేము ఇనెటందుకు ఎవల అనుమతి గావాలె?"

అప్పుడు చెప్పింది. ఆమె పేరు శిరీష. పెద్దవంగర దగ్గరి తండా. వాళ్లమ్మ సక్రి పాట పాడితే చుట్టుపక్కల తండాలన్నీ వచ్చి కూర్చునేవట. చాలా ఏళ్ల కింద వరంగల్ నుంచి ఒక క్యాసెట్ల కంపెనీ వచ్చి, ఆమె చేత పాడించి, డీవీడీ చేసి అమ్ముకుంది. కంపెనీ మూతబడింది. అమ్మ కూడా పోయింది. అప్పట్లో ఇంట్లో ఉన్నది డబ్బా ఫోను, అందులో వీడియో రాదు. ఇప్పుడు ఆమె గొంతు మిగిలింది ఈ డిస్కులోనే.

"వచ్చే వారం శుక్రవారం మా అక్క నవ్య పెండ్లి. మా లంబాడోళ్లల్ల పెండ్లిపిల్ల అత్తగారింటికి పొయ్యేటప్పుడు ఇంటోళ్లను ఒక్కొక్కరిని పట్టుకొని ఏడ్చుకుంట పాట పాడుతది. ఢావ్లో అంటరు. మీకు తెల్వది. అది తల్లి నేర్పాలె. అక్క హైదరాబాద్‌ల కొలువు చేస్తది, దానికి ఒక్క ముక్క రాదు. పాడకుంటే తల్లి లేని పిల్లలని అందరు జాలిపడతరు. మాకు జాలి వద్దు, మా అమ్మ పాట గావాలె."

'మీకు తెల్వది' దగ్గర ధర్మా నోరు తెరిచాడు. ఎందుకంటే అతనికి తెలుసు. అతనూ లంబాడాయే, భూక్యా ధర్మా. తండ్రి హీర్యా రైల్వేలో గ్యాంగ్‌మన్, తల్లి గోరీ. ఇంట్లో ఇప్పటికీ లంబాడాల భాష గోర్‌బోలీయే. కానీ జనగామ హాస్టల్లో ఆరో తరగతి చదివేటప్పుడు తల్లితో ఫోన్లో మాట్లాడుతుంటే గదిలో పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి అతని భాష గడప దాటలేదు. బోర్డు మీద ఇంటిపేరు కూడా రాయించలేదు.

చెబుదామనుకునే లోపే శిరీష ఫోన్ మోగింది. అక్క. శిరీష అతని ముందే నిలబడి నిక్షేపంగా గోర్‌బోలీలో మొదలుపెట్టింది.

"కాలేదే అక్కా. వీడు డిస్కును చొక్కాతో తుడుస్తున్నాడు, పసిపిల్లాడి ముక్కు తుడిచినట్టు. లేదు, కోర్ పిలగాడే, మన మాట వీడికెక్కడ అర్థమవుతుంది? పని తెలిసినట్టు లేదు. కానీ కనురెప్పలు మాత్రం... ఆడపిల్లకు ఉండాల్సినవి వీడికి ఇచ్చాడు దేవుడు."

కోర్ అంటే లంబాడాలు కానివాళ్లు. ధర్మా చెవులు కాలిపోయాయి. ఇప్పుడు నోరు విప్పితే ఆమె సిగ్గుతో చచ్చిపోతుంది. విప్పకపోతే తన కనురెప్పల గురించి ఇంకాస్త వినొచ్చు. మనిషి బలహీనుడు.

"డిస్కు ఉంచుండ్రి మేడం," అన్నాడు తెలుగులో. "రేపు సాయంత్రం రండి."

రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఐడీ కార్డు మీద బానోత్ శిరీష అని చూశాడు. బానోత్‌కూ భూక్యాకూ పెళ్లి వరుస కుదురుతుంది. ఆ పూట ఎవరొచ్చి ఏమడిగినా నవ్వుతూ చేసి పెట్టాడు.

*

డిస్కు పాడైందనే ధర్మా నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? ఒక ప్లేయర్ చదవలేకపోయానంది, ఇంకోటి దోషమంది. దోషం డిస్కుదే అయ్యుండాలి. పేస్టు రాసి కడిగాడు. కొబ్బరినూనె పూసి తుడిచాడు. భూపాలపల్లిలో ఉన్న స్నేహితుడు రాకేశ్‌కు ఫోన్ చేసి, వాడి దగ్గర మూలన పడి ఉన్న డ్రైవును బస్సులో తెప్పించాడు. కొత్త డ్రైవు కూడా అంతే గంభీరంగా, అంతే మర్యాదగా, దోషము సంభవించినదని చెప్పింది.

శిరీష రోజూ డ్యూటీ దిగి వచ్చేది. రోజూ డిస్కు వాసన చూసేది.

"నిన్న పేస్టు, ఇయ్యాల కొబ్బరినూనె. రేపు దీనికి పౌడర్ గూడ వేసి సడక్ మీద తిప్పుతవా?"

"ట్రై చేస్తున్న మేడం."

"మేడం మేడం అనకు. మొన్న నేను అన్నా అన్న, దానికి బదులా?"

"మీరు అన్నా అనుడు బంద్ చేస్తే నేను మేడం అనుడు బంద్ చేస్త."

శిరీష ఒక్క క్షణం అతన్ని చూసింది. "సరే," అంది. తెర మీది బటన్ లాంటి సరే కాదది. తర్వాత ఏదో జరుగుతుందనిపించే సరే.

గురువారం సాయంత్రం చెప్పాపెట్టకుండా వాన దిగింది. యార్డులో ఆరబోసిన మక్కజొన్నల మీద టార్పాలిన్లు కప్పడానికి జనం ఉరుకులాడుతున్నారు. శిరీష తలమీద అట్టముక్క పెట్టుకుని షాపులోకి దూకింది. షాపు ముందు రేకు మీద వాన దంచుతోంది. లోపల ఇద్దరు మనుషులు, ఒక పాత పెట్టె, నాలుగు అడుగుల చోటు.

"మళ్ల అదే చెప్తున్నదా?" జుట్టు పిండుకుంటూ అడిగింది.

"అదే."

"నాకు దీని మీద ఎందుకు కోపమొస్తదో చెప్పనా? యార్డుల నా పని ఏందో ఎరుకేనా? గేటు కాడ తేమ చూసుడు. పొద్దంత రైతులకు కాదని చెప్పుడే నా కొలువు. కాని ఊకె కాదని చెప్ప. మూడు ముక్కలు చెప్త. ఏమైంది, ఎందుకైంది, ఇప్పుడు ఏం చెయ్యాలె. 'తాతా, నీ మక్కలల్ల తేమ ఎక్కువున్నది. రాత్రి వానకు తడిసినయ్. రెండు దినాలు ఎండవోసి తే, నేనే దగ్గరుండి చూస్త.' తిట్టుకుంట వచ్చినోడు గూడ దండం పెట్టి పోతడు. ఇంత పెద్ద మిషన్ చేసినోళ్లకు గా మూడు ముక్కలు రాయరాదా?"

ధర్మాకు ఆ క్షణంలోనే ఆమె మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు పుట్టింది ఇష్టం. ఇది వేరు. కోపంలో కూడా ముసలి రైతు పక్షాన నిలబడ్డ ఈ పిల్ల లేకుండా తన బతుకు ఎలా గడుస్తుందా అని భయం వేసింది.

సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. తెర మీద పెద్ద అక్షరాలు: యాడి.

గోర్‌బోలీలో యాడి అంటే అమ్మ. ఆ అక్షరాలు శిరీష చూస్తే కథ అయిపోయినట్టే. ధర్మా ఫోను మీద అరచెయ్యి వేసి కొట్టాడు, దోమను కొట్టినట్టు.

"ఎవరు?"

"ఏం లేదు."

"చేసింది ఎవరు అని అడిగిన."

"ఎవరు లేరు."

శిరీష ముఖం కొంచెం మారింది. కాసేపటికి అక్క ఫోన్ చేసింది. శిరీష వాన వైపు తిరిగి, మెల్లగా, తమ భాషలో అంది: "ఎవరో అమ్మాయి ఉన్నట్టుందే వీడికి. ఫోను దాచాడు. నాకెందుకులే. కోర్ కాకపోయుంటే, బాపుకు నేనే చెప్పి సంబంధానికి వీడింటికి పంపేదాన్ని. ఏం చేస్తాం."

ధర్మా గుండె ఒకసారి ఎగిరి గంతేసింది, మరుక్షణం బావిలో పడింది. అరిచి చెప్పాలనుంది: కోర్‌ను కాదు, అమ్మాయీ లేదు, ఆ ఫోను మా అమ్మ, కూర ఏం వండాలని అడగడానికి చేసింది. కానీ అది చెబితే మొదటి రోజు నుంచి విన్నదంతా ఒప్పుకోవాలి. ఇప్పుడెలా చెప్పడం? నిన్ననే చెప్పుంటే అయిపోయేది. మొన్న చెప్పుంటే ఇంకా సులువు.

వాన తగ్గింది. శిరీష వెళ్లిపోయింది. అన్నా అనలేదు, అసలు ఏమీ అనలేదు.

*

ఆ ఆదివారం పొద్దున షాపు తెరవగానే ధర్మా ఆ మూడు సందేశాలనూ ఇంగ్లీషులోకి మార్చి ఇంటర్నెట్‌లో వెతికాడు. ఇన్నాళ్లూ ఎందుకు వెతకలేదంటే, నాకు తెలియదా అన్న పొగరు. ప్రపంచంలో చాలామందికి ఇదే దోషము సంభవించి ఉంది. ఒకడు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాడు. ఇంకొకడు నా దగ్గర బాగానే ఆడుతోంది అని రాసి హాయిగా వెళ్లిపోయాడు. ఇద్దరు అసలు విషయం వదిలేసి తమలో తాము కొట్లాడుకున్నారు.

చిట్టచివర ఎవరో పుణ్యాత్ముడు అసలు సంగతి రాశాడు. డిస్కు పాడవలేదు. ఎవరూ కాపీ కొట్టకుండా కంపెనీవాళ్లు పాటకు తాళం వేసి అచ్చు వేశారు. ఆ తాళం తీసే చిన్న సాఫ్ట్‌వేర్ లినక్స్‌తో పాటు రాదు, మనమే వేరుగా తెచ్చి పెట్టుకోవాలి. లిబ్‌డివిడిసిఎస్ఎస్ అని నోరు తిరగని పేరు దానికి. ప్లేయర్‌కు డిస్కుకు తాళం ఉందని తెలుసు. తాళంచెవి లేదనీ తెలుసు. ఆ రెండు ముక్కలూ చెప్పకుండా దోషమని, వనరని, అనుమతని ఊరంతా తిప్పింది.

"తాళం ఉందని చెప్తే నీ సొమ్మేం పోయెరా!" అని ధర్మా కంప్యూటర్‌ను తిట్టాడు. తిట్టిన తర్వాత ఎందుకో ఆ తిట్టు తనకే తగిలినట్టనిపించింది.

రెండు కమాండ్లు కొట్టాడు. డిస్కు పెట్టాడు. డప్పు మోగింది. అద్దాల రైకలు, గవ్వల పేటలు తెర మీద మెరిశాయి. వెంటనే ఆపేశాడు. ఆ గొంతు ముందు వినాల్సింది తను కాదు.

ఆపాక ఇంకో ఆలోచన వచ్చింది. ఇది తెరుచుకుందంటే ఇక శిరీష రాదు. ఇంకా కాలేదు అంటే బుధవారం దాకా వస్తుంది. పెళ్లి శుక్రవారం కదా, గురువారం చెప్పినా...

ధర్మా తన చెంప మీద తనే ఒకటి వేసుకుని ఫోన్ తీశాడు. "శిరీషా, తెరుచుకున్నది. జల్ది రా."

*

ఆమె పరుగున వచ్చింది. ఫోన్లో నవ్యను వీడియో కాల్‌లో పెట్టి, తెర కనబడేలా మానిటర్ ముందు నిలబెట్టింది. ధర్మా ప్లే నొక్కి వెనక్కి జరిగాడు.

సక్రి కనిపించింది. ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి. కెమెరాను చూస్తే సిగ్గు, ఏడవాల్సిన పాటలో మధ్యమధ్య నవ్వొస్తోంది, కొంగు అడ్డం పెట్టుకుంటోంది. కానీ గొంతెత్తగానే షాపులో గాలి మారిపోయింది.

"యాడీ," అంది శిరీష. ఫోన్లో నవ్య వెక్కివెక్కి ఏడుస్తోంది.

సక్రి తన పెళ్లినాటి ఢావ్లో పాడుతోంది. బాపూ, నీ పాగా కింద దాచుకున్న పిల్లను ఇవాళ పరాయి ఇంటి పొయ్యి ముందు కూర్చోబెడుతున్నావా. అన్నా, నువ్వు నాకోసం తెచ్చిన రేగుపళ్లు ఇక ఎవరికి తెస్తావు. ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోయి, చివరకు చెల్లెలి దగ్గరికి వచ్చింది. చెల్లీ, నా నల్లమేక నీకు అప్పజెబుతున్నా. నన్నెప్పుడూ పొడవలేదు. నిన్ను పొడుస్తుంది. అది మనిషిని చూసి పొడుస్తుంది.

ధర్మా ఫక్కున నవ్వాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, ఆపుకోలేక నవ్వాడు.

శిరీష మెల్లగా వెనక్కి తిరిగింది. పాట సాగుతూనే ఉంది.

"అర్థమైందా నీకు?" అని అడిగింది, గోర్‌బోలీలో.

"అర్థమైంది," అన్నాడు ధర్మా, గోర్‌బోలీలోనే. అన్నాక గానీ ఏ భాషలో అన్నాడో తెలియలేదు.

శిరీష ముఖంలోకి మొదటి రోజు నుంచి తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వస్తున్నాయి. ముక్కు తుడవడం. కనురెప్పలు. బాపుకు నేనే చెప్పి ఇంటికి పంపేదాన్ని. ఆ చివరి మాట దగ్గర ఆమె బుగ్గలు యార్డులో మిర్చిలాగ ఎర్రబడ్డాయి.

"ఎవలోళ్లవు నువ్వు?"

"భూక్యా. భూక్యా ధర్మా. నేను చెప్దామనుకున్న..."

"ఎప్పుడు? నా పెండ్లయినంకనా?" ఫోన్లో నవ్య "ఏమైందే?" అంటోంది, ఎవరూ వినలేదు. "మన భాష మనం వాడకపోతే ఎవరు వాడతరు అన్నవు గద! నేను నీ ముందట మనసు విప్పి మాట్లాడితే, నువ్వు చెవులు తెరిచి, నోరు మూసుకొని కూసున్నవ్. ఎవరు ఫోన్ అంటే ఏం లేదు. చేసిందెవరు అంటే ఎవరు లేరు. నువ్వు గూడ గా డబ్బా లెక్కనే. లోపల అంత తెలుసు. బయటికి మాత్రం దోషము సంభవించినది!"

ధర్మా ముందే పాటను కాపీ చేసి పెట్టిన పెన్‌డ్రైవూ డిస్కూ తీసుకుని గుమ్మం దిగింది. దిగి, ఒక్క అడుగు వెనక్కి వచ్చింది.

"పాట తెరిచినందుకు మాత్రం... నువ్వు చేసింది చిన్నది గాదు," అంది. కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

*

సోమవారం ధర్మా ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మంగళవారం తల్లి గోరీ అన్నం ముందు పెట్టి ఏమైందని అడిగింది. 'ఏం లేదు' అనబోయి ఆగాడు. మొత్తం చెప్పాడు. గోరీ శ్రద్ధగా విని, ముందు కనురెప్పల దగ్గర ఒప్పుకుంది, తర్వాత నెత్తిమీద ఒక మొట్టికాయ వేసింది.

"ఆమెకు గావలసింది నీ ఫోను గాదు. నీ నోరు."

బుధవారం పొద్దున యార్డు గేటు దగ్గర ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా ఉంది. తేమ చూసే బల్ల వెనక శిరీష కూర్చుంది. రైతులు దోసిట్లో మక్కలు పట్టుకుని ఒక్కొక్కరే వస్తున్నారు. వరుసలో ధర్మా కూడా నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు.

"మక్కలేవి?" తలెత్తకుండానే అడిగింది శిరీష.

"మక్కలు లేవు. మూడు ముక్కలున్నయ్."

శిరీష తలెత్తింది. ధర్మా గొంతు సవరించుకున్నాడు. చుట్టూ పాగాలు, తువ్వాళ్లు, హమాలీలు, సగం మంది చుట్టుపక్కల తండాలవాళ్లు. హాస్టల్ గది గుర్తొచ్చింది. అయినా గోర్‌బోలీలోనే మొదలుపెట్టాడు, అందరికీ వినబడేలా, తడబడుతూ.

"ఏమైందంటే, నువ్వంటే నాకు ప్రాణమైంది. వానరోజు అయింది, నువ్వు రైతుల మాట చెప్పినప్పుడు. ఎందుకు చెప్పలేదంటే, చిన్నప్పుడు నా భాష విని నవ్వారు, అప్పటి నుంచి దాచుకోవడం అలవాటైంది. తర్వాత నీ మాటలు వినడం బాగుండి దాచాను. అది తప్పు, నాదే తప్పు. ఫోను చేసింది మా అమ్మ, వేరే అమ్మాయి లేదు."

వరుసలో ఒక ముసలమ్మ, "మాట జర వంకరున్నది గని, పిలగాడు నిజమే చెప్తున్నడు," అంది.

"మరి మూడోది?" అన్నారెవరో వెనక నుంచి. "ఏం చెయ్యాల్నో చెప్పలే!"

"అదే..." ధర్మా శిరీష వైపు చూశాడు. "అది నువ్వే చెప్పాలె," అన్నాడు తెలుగులో.

అప్పుడు వరుసలో నుంచి ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. ఎర్ర పాగా, దోసిట్లో మక్కలు.

"ఎవల కొడుకువు ఛోరా?"

"భూక్యా హీర్యా కొడుకును. రైల్వేల పనిచేస్తడు."

"హీర్యానా? ఎరికేనే." పెద్దమనిషి వేళ్ల మీద వరుసల లెక్క వేసుకున్నాడు. "బానోతోళ్లకు భూక్యోళ్లు అడ్డం గారు." ఆ మాటంటూనే శిరీష వైపు చూశాడు. "బిడ్డా, నా పెండ్లాం గొంతును మళ్ల మా ఇంట్ల ఇనిపిచ్చింది ఈ పిలగాడేనా?"

అప్పుడర్థమైంది ధర్మాకు, తాను ఎవరి ముందు నిలబడి ఆమె ప్రాణమైందని చెప్పాడో. అది శిరీష తండ్రి మాన్‌సింగ్.

"వీడే బాపు," అంది శిరీష, తలొంచుకుని.

"మూడు రోజుల సంది ఇంట్ల సక్రి పాడుతనే ఉన్నది," అన్నాడు మాన్‌సింగ్. "ఇగ నీ ఇష్టం బిడ్డా. తేమ చూసెటిది నువ్వు."

యార్డంతా శిరీష వైపు తిరిగింది. శిరీష లేచి నిలబడి, బల్ల మీదుగా వంగి, ధర్మా కళ్లలోకి పరీక్షగా చూసింది. ఆ కనురెప్పలు నిజంగానే తడిసి ఉన్నాయి.

"తేమ ఎక్కువున్నది," అంది గట్టిగా, రైతుకు చెప్పినట్టే. "చెప్పవలసింది చెప్పక లోపల పెట్టుకుంటే గిట్లనే అయితది. శుక్రవారం మీ యాడిని తోల్కొని మా అక్క పెండ్లికి రా. నేనే దగ్గరుండి చూస్త."

తండాల జనం ఈలలు వేశారు. ముసలమ్మ తన వంతు వచ్చిందని ధర్మాను పక్కకు నెట్టింది.

శుక్రవారం పెద్దవంగర దగ్గరి తండాలో నవ్య తండ్రి మెడ పట్టుకుని ఢావ్లో పాడింది. సక్రి పాడినట్టే పాడింది, ఎక్కడా తడబడలేదు. ఆడవాళ్లంతా కొంగులు తడుపుకున్నారు. పాట చెల్లెలి దగ్గరికి వచ్చింది. చెల్లీ, నల్లమేక నీకు అప్పజెబుతున్నా అని నవ్య ఎత్తుకోగానే, మగవాళ్ల వరుసలో నిలబడ్డ ధర్మా పెదవులు బిగబట్టాడు. ఎదురుగా అక్క భుజం పట్టుకుని ఏడుస్తున్న శిరీష, ఏడుస్తూనే అతని వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు, వెనక నుంచి గోరీ కొడుకు నెత్తిన ఇంకో మొట్టికాయ వేసింది.

కేసముద్రంలో ఆ షాపు బోర్డు ఇప్పుడు కొంచెం మారింది. పైన భూక్యా ధర్మా కంప్యూటర్స్ అని ఉంటుంది. కింద పాత వాక్యం అలాగే ఉంది, దాని పక్కన శిరీష రాయించిన కొత్త వాక్యం ఒకటి చేరింది: 'తెరవలేకపోతే, ఎందుకో చెప్పబడును.'